కర్మ చేసి తీరాలని ఏ చట్టంలో ఉంది?

మరణ నమోదు కోసం మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో నింపి ఇచ్చే కాగితాన్ని ఫారం–2 అంటారు. చనిపోయిన మనిషి పేరు, వయసు, తండ్రి లేదా భర్త పేరు, చనిపోయిన తేదీ, చోటు, ఇంటి చిరునామా అందులో రాయాలి. గణాంకాల కోసం వేరుగా ఉంచిన భాగంలో మతం ఏమిటి, ఏ పని చేసేవారు, ఆఖరి రోజుల్లో వైద్యం అందిందా, పొగ తాగడం, పాన్ మసాలా, మద్యం లాంటి అలవాట్లు ఉన్నాయా అని కూడా అడుగుతారు. తలకొరివి ఎవరు పెట్టారు, పదకొండో రోజున పిండం పెట్టారా, దినానికి ఎంతమంది తిన్నారు అని అడిగే గడి మాత్రం ఆ కాగితంలో ఎక్కడా లేదు.

అయినా చావు జరిగిన ఇంట్లో గంట గడవకముందే ఈ ప్రశ్నలే మొదలవుతాయి. పోయిన మనిషి బతికుండగా ‘నాకు ఏ తంతూ వద్దు’ అని పదిమంది ముందు చెప్పినా, పెద్దలు ఒప్పుకోరు. కర్మ చేయకపోతే డెత్ సర్టిఫికెట్ ఇవ్వరని ఒకరు, ఆస్తిలో వాటా రాదని ఒకరు, ఊళ్లో శ్మశానంలోకి రానివ్వరని మరొకరు భయపెడతారు. ఏడుస్తూ కూర్చున్నవాళ్లకు అప్పుడు చట్టం చూసే ఓపిక ఎక్కడుంటుంది? అప్పు చేసి మరీ అన్నీ చేసేస్తారు. ఈ భయాల్లో చట్టం మద్దతు ఉన్నది ఒక్కటీ లేదు.

మన దేశంలో శ్మశానాల విషయం రాజ్యాంగం రాష్ట్రాలకు అప్పగించింది. ఏడో షెడ్యూల్లోని రాష్ట్ర జాబితాలో 10వ అంశం ఖననాలు, దహనాలు, వాటి స్థలాల గురించే. పన్నెండో షెడ్యూల్ ఈ బాధ్యతను మున్సిపాలిటీల పనుల్లో చేర్చింది. ఈ అధికారంతో వచ్చిన మున్సిపల్, పంచాయతీ చట్టాలు చూసేది స్థలాన్ని, ప్రజారోగ్యాన్ని. శవాన్ని అనుమతి ఉన్న చోటే దహనం చేయాలి లేదా పూడ్చాలి, తాగునీటికీ ఇళ్లకూ ఇబ్బంది కలగకూడదు. జనన మరణాల నమోదు చట్టం, 1969 చూసేది రికార్డును. అనుమానాస్పద మరణమైతే పోలీసులు చూసేది నేరాన్ని. మంత్రం చదివించాలని గానీ, ప్రార్థన జరిపించాలని గానీ, పదోరోజున ఫలానాది చేయాలని గానీ ఏ చట్టమూ చెప్పదు.

పెళ్లితో పోల్చి చూస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ పెళ్లికి ఆచార ప్రకారమైన క్రతువు ఉండాలంటుంది. క్రతువే జరగకుండా రిజిస్ట్రేషన్ కాగితం ఒక్కటే ఉంటే అది హిందూ వివాహం కాదని 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. చావుకు అలాంటి సెక్షన్ ఏదీ లేదు.

పైగా రాజ్యాంగంలోని 25వ అధికరణం మొట్టమొదట హామీ ఇచ్చేది అంతరాత్మ స్వేచ్ఛకు. మతాన్ని పాటించే హక్కు ఆ తర్వాత వస్తుంది. ఏ మతానికీ చెందనని చెప్పుకునే హక్కు పౌరుడికి ఉందని 2014లో బొంబాయి హైకోర్టు ఈ అధికరణం ఆధారంగానే చెప్పింది. కులం, మతం లేవని రాసుకోవాలనుకునే తల్లిదండ్రుల కోసం జనన నమోదులో ఆ వీలు కల్పించాలని 2023 జులైలో తెలంగాణ హైకోర్టు అధికారులను ఆదేశించింది. పుట్టినప్పుడు ఉన్న స్వేచ్ఛ పోయినప్పుడు లేకుండా పోదు. అసలు తెలుగువాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో గోరా నాస్తిక కేంద్రం పెట్టిన నాటి నుంచీ తంతు లేని పెళ్లిళ్లూ, తంతు లేని వీడ్కోళ్లూ ఇక్కడ జరుగుతూనే ఉన్నాయి.

ఇక ఆస్తి భయం. పిండం పెట్టినవాడికే ఆస్తి అన్న మాట పాత ధర్మశాస్త్రాల నాటిది. హిందూ వారసత్వ చట్టం, 1956 వచ్చాక దానికి చోటు లేదు. వీలునామా రాయకుండా పోయిన హిందూ పురుషుడి ఆస్తి 8వ సెక్షన్ ప్రకారం మొదట భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, తల్లికి, ఇంకా మొదటి తరగతి వారసులుగా షెడ్యూల్లో పేర్కొన్నవారికి పోతుంది. చట్టం చెప్పిన కారణాలకు తప్ప మరే కారణానికీ వారసత్వం పోదని 28వ సెక్షన్ అంటోంది. ఆ చట్టం చెప్పిన కారణాల్లో హత్య ఉంది గానీ కర్మ ఎగ్గొట్టడం లేదు. కాబట్టి ‘నేను తలకొరివి పెట్టాను, ఇల్లు నాది’ అనే అన్న మాటకు కోర్టులో విలువ లేదు. కూతురు తలకొరివి పెట్టడానికీ చట్టంలో ఏ అడ్డూ లేదు. కూతురు పెడతానంటే శ్మశానం గేటు దగ్గర ఆపేవాళ్లు ఏ ఆధారంతో ఆపుతున్నారని నిలదీసి అడగవచ్చు.

అప్పుల గురించి మన చట్టాలకు తెలియదనుకోకూడదు. భారతీయ వారసత్వ చట్టం, 1925లోని 320వ సెక్షన్ ప్రకారం పోయిన మనిషి అంతస్తుకు తగిన, సమంజసమైన అంత్యక్రియల ఖర్చునూ ఆఖరి వైద్యం ఖర్చునూ అతని ఆస్తి నుంచి మిగతా అప్పులన్నిటికన్నా ముందు చెల్లించాలి. ‘సమంజసమైన’ అన్న మాట గుర్తుపెట్టుకోవాలి. వెయ్యిమందికి దినం భోజనం పెట్టి ఆ లెక్కంతా ఉమ్మడి ఆస్తి మీద వేస్తానంటే మిగతా వారసులు ఒప్పుకోనక్కర్లేదు. రాజస్థాన్ ఇంకా ముందుకు వెళ్లింది. చావు భోజనాల కోసం పొలాలు అమ్ముకునే దుస్థితి చూసి 1960లోనే మృత్యుభోజ నిషేధ చట్టం తెచ్చింది. విందు పెట్టినవాళ్లకు ఏడాది వరకు జైలు పడవచ్చు. ఆ విందు కోసం అప్పు ఇవ్వడాన్ని, తీసుకోవడాన్ని కూడా ఆ చట్టం నిషేధించింది. తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి చట్టం లేదు. పెద్దకర్మ కోసం తెచ్చిన అప్పు తీర్చలేక కూలికి పోయే విధవరాళ్లు మన పల్లెల్లో ఉన్నంతకాలం ఇది మన శాసనసభలు ఆలోచించాల్సిన లోటే.

పెద్ద ఖర్చు లేకుండా పని ముగించినా చేతికి కొంత సాయం అందే దారులున్నాయి. ఈఎస్ఐ కార్డు ఉన్న కార్మికుడు పోతే అంత్యక్రియల ఖర్చు కింద 15,000 రూపాయల వరకు ఇస్తారు. కుటుంబం లేకపోతే ఆ ఖర్చు నిజంగా పెట్టుకున్న మనిషికే ఇస్తారు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో నమోదైనవారికీ, ప్రభుత్వ ఉద్యోగులకూ, పెన్షనర్లకూ మట్టి ఖర్చుల సాయం వేరుగా ఉంది. వీటిలో దేనికీ కర్మ జరిగిందన్న రుజువు అక్కర్లేదు. మరణ ధ్రువపత్రం కావాలి.

కాబట్టి తంతు వద్దనుకున్నా కాగితం పని వద్దనుకోవడానికి లేదు. కుటుంబాలు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

ఆసుపత్రిలో చనిపోతే వైద్యుడు మరణ కారణాన్ని ఫారం–4లో రాసి ఇవ్వాలి. ఇంట్లో పోతే చివరిగా వైద్యం చేసిన డాక్టరు ఇచ్చేది ఫారం–4ఏ. 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన జనన మరణాల నమోదు చట్ట సవరణ తర్వాత ఆసుపత్రులన్నీ ఈ కారణ పత్రాన్ని ఉచితంగానే ఇవ్వాలి. దహనవాటిక కార్యాలయంలో మొదట అడిగేది దీన్నే. అక్కడి గుమాస్తా పెద్ద రిజిస్టరు తెరిచి పేరు, వయసు, ఆధార్ నంబరు, చనిపోయిన చోటు, తెచ్చినవారి పేరు, ఫోన్ నంబరు రాసుకుని రసీదు చింపి ఇస్తాడు. ఆ దుఃఖంలో ఆ చిన్న కాగితాన్ని చొక్కా జేబులో మడిచి పెట్టి, ఉతికి పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ. తర్వాత దానికోసం తిరగడం కన్నా అక్కడే ఫోన్‌తో ఫొటో తీసుకోవడం సులువు.

నమోదు మరణం జరిగిన చోటే చేయాలి. శవాన్ని హైదరాబాద్ ఆసుపత్రి నుంచి సొంతూరికి తీసుకుపోయి అక్కడ దహనం చేసినా, నమోదు జరగాల్సింది హైదరాబాద్‌లో. ఊరి పంచాయతీ కార్యదర్శి చుట్టూ నెలల తరబడి తిరిగి, చివరికి ఈ సంగతి తెలుసుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆసుపత్రిలో మరణిస్తే సమాచారం ఇవ్వాల్సిన బాధ్యత ఆసుపత్రిదే. ఇంట్లో అయితే ఇంటి పెద్దది. గడువు 21 రోజులు. అది దాటి 30 రోజుల్లోపు అయితే ఆలస్య రుసుముతో సరిపోతుంది. 30 రోజులు దాటితే జిల్లా స్థాయి అధికారి రాతపూర్వక అనుమతి, ఏడాది దాటితే జిల్లా మేజిస్ట్రేట్ లేదా ఆయన అధికారం ఇచ్చిన మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. నమోదు చేశాక ఏడు రోజుల్లో ధ్రువపత్రం ఇవ్వాలని కొత్త సవరణ చెబుతోంది.

సాదాగా చేయడం వేరు, చడీచప్పుడు లేకుండా చేసేయడం వేరు. ప్రమాదం, ఆత్మహత్య, పాముకాటు, అనుమానం ఉన్న మరణం ఏదైనా సరే, పోలీసులకు చెప్పకుండా దహనం చేయకూడదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 194వ సెక్షన్ ప్రకారం పంచనామా జరగాలి. పెళ్లయిన ఏడేళ్లలోపు మరణించిన మహిళ విషయంలో పోలీసులు మరింత జాగ్రత్తగా చూస్తారు. ‘పెద్దాయన కోరిక, తొందరగా కానిచ్చేద్దాం’ అని చేసేస్తే, అది సాక్ష్యం మాయం చేసిన నేరంగా మెడకు చుట్టుకోవచ్చు.

ఆసుపత్రుల దగ్గర ఇంకో గోడు. బిల్లు కట్టేదాకా శవం ఇవ్వం అంటారు. మరణించిన మనిషి గౌరవాన్ని కాపాడాలంటూ 2021 మేలో జాతీయ మానవ హక్కుల కమిషన్ ఇచ్చిన మార్గదర్శకాల్లో, బకాయి పేరుతో మృతదేహాన్ని ఆపకూడదని స్పష్టంగా ఉంది. రోగుల హక్కుల పత్రమూ అదే చెబుతోంది. బిల్లు అప్పు. అప్పు వసూలుకు సివిల్ కోర్టు ఉంది. శవం తాకట్టు వస్తువు కాదు. ఆపితే 112కు ఫోన్ చేయాలి. జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టాలి. మామూలుగా ఆ మాట రాతలో పడగానే స్వరం మారుతుంది. తర్వాత శవాన్ని తరలించడానికి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వాసుపత్రుల మహాప్రస్థానం వాహనాలు, తెలంగాణలో పార్థివ వాహనాలు ఉచితంగా ఉన్నాయి. వార్డు దగ్గర మాటు వేసే ప్రైవేటు అంబులెన్సు డ్రైవరు చెప్పిన రేటుకు తల ఊపేముందు వీటి గురించి అడగాలి.

సరే, ఎక్కడికి తీసుకెళ్లాలి? తెలంగాణలో పల్లె ప్రగతి పేరుతో ఊరూరా వైకుంఠధామాలు కట్టారు. పట్టణాల్లో మున్సిపల్ శ్మశానాలు, గ్యాస్ లేదా విద్యుత్ దహనవాటికలు ఉన్నాయి. కట్టెల చితికి మూడు నాలుగు వందల కిలోల కట్టెలు కావాలి. గ్యాస్ లేదా విద్యుత్ వాటికలో ఒకటి రెండు గంటల్లో పూర్తవుతుంది. ఖర్చు తక్కువ, మనుషులు ఎక్కువమంది అక్కర్లేదు. తంతు లేకుండా వీడ్కోలు చెప్పాలనుకునేవాళ్లకు ఇది అన్నిటికన్నా నయమైన దారి. అస్థికలు కచ్చితంగా తీసుకెళ్లి నదిలో కలపాలనీ లేదు. వద్దంటే ముందే ఆ మాట చెప్పి రావచ్చు. రేటు ఎంతో ముందే అడగాలి, రసీదు లేని డబ్బు ఇవ్వకూడదు. ‘అయ్యగారిని పిలిస్తేనే గేటు తీస్తాం’ అన్న షరతు పెట్టే అధికారం ప్రభుత్వ శ్మశానంలో ఎవరికీ లేదు. సొంత పొలమే కదా అని ఎక్కడంటే అక్కడ పూడ్చే హక్కు మాత్రం చట్టం ఇవ్వలేదు. పొలాల గట్ల మీద సమాధులు చూసి చాలామంది పొరపడతారు గానీ, కొత్త చోటుకు పంచాయతీ లేదా మున్సిపాలిటీ అనుమతి కావాలి.

మన ఊళ్లలో అసలు అడ్డు చట్టం కాదు, కులం. 2019 ఆగస్టులో తమిళనాడు వాణియంబాడి దగ్గర దారి ఇవ్వకపోవడంతో ఒక దళితుడి శవాన్ని వంతెన మీద నుంచి తాళ్లు కట్టి కిందికి దించిన దృశ్యం దేశమంతా చూసింది. మద్రాసు హైకోర్టు ఆ విషయాన్ని తనంతట తానే విచారణకు తీసుకుంది. శ్మశానాన్ని అందరిలాగా వాడుకోనివ్వకుండా ఎస్సీ, ఎస్టీలను అడ్డుకోవడం అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం నేరం. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు. అదే చట్టం మరో మాట కూడా అంటుంది. శవాలు మోయాలనో గోతులు తవ్వాలనో ఎస్సీ, ఎస్టీలతో పని చేయించడం కూడా నేరమే. ‘ఇది వాళ్ల పని, తరతరాలుగా చేస్తున్నారు’ అనే సమర్థింపు ఇక్కడ చెల్లదు. సాదాగా సాగనంపాలనుకునేవాళ్లు కూడా గుర్తుంచుకోవాల్సిన విషయం ఇది. గొయ్యి తవ్వేవారికి కూలి మాట్లాడి, ఇష్టపడి వచ్చినవారితోనే తవ్వించాలి.

మతం పేరుతో అడ్డుకున్నప్పుడు ఏమవుతుందో చూపే కేసు ఛత్తీస్‌గఢ్ బస్తర్‌ది. ఒక క్రైస్తవ పాస్టరు 2025 జనవరి 7న చనిపోయారు. సొంతూళ్లో పూడ్చడానికి ఊరివాళ్లు ఒప్పుకోలేదు. కొడుకు హైకోర్టుకు వెళ్లినా ఫలితం లేకపోయింది. సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులకు అభిప్రాయ భేదం వచ్చింది. కుటుంబం సొంత పొలంలో పూడ్చనివ్వాలని జస్టిస్ బి.వి.నాగరత్న, క్రైస్తవులకు కేటాయించిన స్థలంలోనే చేయాలని జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ అన్నారు. శవం అప్పటికే మూడు వారాలుగా మార్చురీలో ఉంది. అందుకే విస్తృత ధర్మాసనానికి పంపకుండా, 142వ అధికరణం కింద ఊరికి ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలోని శ్మశానవాటికలో పోలీసు రక్షణతో పూడ్చాలని జనవరి 27న ఆదేశించారు. ఒక తండ్రిని మట్టిలో పెట్టడానికి కొడుకు దేశ అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లాల్సి రావడం ఈ దేశంలో ఎవరికైనా మనసు మండాల్సిన విషయం.

పట్టణాల్లో కులం కన్నా ముందు అద్దె ఇల్లు అడ్డొస్తుంది. శవాన్ని కిరాయి ఇంట్లోకి రానివ్వమని యజమానులు అంటే, ఆసుపత్రి నుంచి నేరుగా శ్మశానానికి తీసుకెళ్లి పందిరి కింద గడిపే కుటుంబాలు తెలంగాణ పట్టణాల్లో కనిపిస్తూనే ఉంటాయి. దినాలు అయ్యేదాకా ఇంటికి రావద్దనేవాళ్లూ ఉన్నారు. ఒప్పందం నడుస్తున్నంతకాలం ఆ ఇంటి స్వాధీనం అద్దెకున్నవారిదే. తన ఇంటివాళ్లను తన ఇంట్లోకి తెచ్చుకోకుండా దారి ఆపితే అది భారతీయ న్యాయ సంహిత 126వ సెక్షన్ కింద అక్రమ నిరోధం అవుతుంది. ఆ సమయంలో గొడవ పడే ఓపిక ఎవరికీ ఉండదు, నిజమే. ఒక పోలీసు కానిస్టేబుల్ వచ్చి నిలబడితే చాలు, చాలాసార్లు తలుపు తెరుచుకుంటుంది.

చనిపోయిన మనిషికీ గౌరవం ఉంటుందని, 21వ అధికరణం అక్కడిదాకా వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1995లో ఉరిశిక్ష అమలు తీరు మీద వచ్చిన పరమానంద కటారా కేసులో చెప్పింది. ఇల్లూ వాకిలీ లేనివారికీ గౌరవంగా అంత్యక్రియలు జరగాలని 2002లో ఆశ్రయ్ అధికార్ అభియాన్ కేసులో చెప్పింది. ఆ మాటకు మనుషుల్లో ఎంత చోటుందో 2021 ఫిబ్రవరిలో శ్రీకాకుళం జిల్లాలో తెలిసింది. కాశీబుగ్గ స్టేషన్ పరిధిలో పొలాల మధ్య దొరికిన ఒక అనాథ వృద్ధుడి శవాన్ని మోయడానికి ఊరివాళ్లు ముందుకు రాకపోతే, అక్కడి మహిళా ఎస్ఐ స్ట్రెచర్ ఒక కొస తన భుజానికెత్తుకుని పొలం గట్ల మీద నడిచింది. ఒక ట్రస్టు సాయంతో ఆయన్ని సాగనంపారు. అక్కడ గౌరవానికి కొదవ లేదు.

అదే గౌరవం హథ్రస్‌లో మరోలా భంగపడింది. 2020 సెప్టెంబరులో అత్యాచార బాధితురాలి శవాన్ని కుటుంబం ముందు లేకుండా, అర్ధరాత్రి దాటాక పోలీసులు కాల్చేశారు. అలహాబాద్ హైకోర్టు తనంతట తానుగా విచారణ చేపట్టి, గౌరవంగా అంత్యక్రియలు జరుపుకునే హక్కుకు భంగం కలిగిందని ప్రాథమికంగా అభిప్రాయపడింది. సాదాగా ఉండాలా, ఆచారంగా ఉండాలా అన్న నిర్ణయం పోయినవారిది, లేదా వాళ్ల కుటుంబానిది. పోలీసులది కాదు.

అయితే పోయినవారిదా, కుటుంబానిదా? ఇద్దరి మాటా ఒకటి కాకపోతే? చట్టంలో అసలు ఖాళీ ఇక్కడే ఉంది. మనిషి తన ఆస్తి ఎవరికి పోవాలో వీలునామా రాస్తే చట్టం దాన్ని నిలబెడుతుంది. తన శరీరాన్ని ఎలా సాగనంపాలో రాస్తే, కుటుంబం దాన్ని పాటించి తీరాలని చెప్పే చట్టం మన దగ్గర లేదు. ఆ రాత నైతికంగా బలమైన సాక్ష్యమే గానీ, బలవంతంగా అమలు చేయించే ఉత్తర్వు కాదు. బతికినన్నాళ్లూ ఒక నమ్మకం మీద నిలబడ్డ మనిషిని పోయాక దానికి విరుద్ధంగా సాగనంపడం అన్యాయం. శాసనసభలు పూనుకుంటే, రాష్ట్ర జాబితాలోనే ఉన్న విషయం కాబట్టి, రేపే దీన్ని దిద్దవచ్చు.

శరీర దానం విషయంలో ఈ ఖాళీ కొంత పూడింది. కేరళ సీపీఎం నాయకుడు ఎం.ఎం.లారెన్స్ 2024 సెప్టెంబరులో మరణించారు. తండ్రి శరీరాన్ని వైద్య కళాశాలకు ఇమ్మన్నారని కొడుకు, చర్చి పద్ధతిలో పూడ్చాలని కూతురు పట్టుబట్టారు. కేరళ అనాటమీ చట్టం చూసి హైకోర్టు కళాశాల వైపే మొగ్గింది. 2025 జనవరిలో సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. అదే 2024 సెప్టెంబరులో సీతారాం ఏచూరి భౌతికకాయాన్ని కుటుంబం ఢిల్లీ ఎయిమ్స్‌కు ఇచ్చింది. అక్టోబరులో హైదరాబాద్‌లో మరణించిన ప్రొఫెసర్ జి.ఎన్.సాయిబాబా శరీరం గాంధీ వైద్య కళాశాలకు చేరింది, కళ్లు దానమయ్యాయి. కుటుంబాలు ఒక్కమాట మీద ఉండటంతో వివాదం రాలేదు.

శరీర దానానికి వైద్య కళాశాల అనాటమీ విభాగం ఇచ్చే పత్రంలో ముందే సంతకం చేసి, దగ్గరివారితో సాక్షి సంతకాలు పెట్టించాలి. పోస్టుమార్టం జరిగిన శరీరాన్నీ, కొన్ని అంటువ్యాధులతో పోయినవారి శరీరాన్నీ కళాశాలలు తీసుకోవు. కాబట్టి ‘వాళ్లు తీసుకోకపోతే విద్యుత్ దహనం’ అని రెండో దారి కూడా రాసిపెట్టుకోవాలి. కళ్లను ఆరు గంటల్లోపు తీయాలి.

తంతు లేని వీడ్కోలు కోరేవాళ్లు చేయాల్సిన పని చిన్నదే. తెల్లకాగితం మీద సొంత దస్తూరీతో, తేదీ వేసి, ఏమి వద్దో, ఏమి కావాలో రాయాలి. ‘ఆడంబరం వద్దు’ అని పొడిగా రాస్తే ఎవరికి తోచిన అర్థం వాళ్లు తీస్తారు. పురోహితుడు వద్దు, దినాలు వద్దు, విద్యుత్ దహనం కావాలి, అస్థికలు నదిలో కలపక్కర్లేదు అని విడివిడిగా రాయాలి. బాధ్యత ఎవరిదో పేరు పెట్టి రాయాలి. అది భార్య కావచ్చు, కూతురు కావచ్చు, స్నేహితుడూ కావచ్చు. ఇద్దరు సాక్షుల్లో ఒకరు ఇంటివాళ్లయితే తర్వాత నోళ్లు మూతపడతాయి. ఇదంతా వీలునామాలోనే రాసి బీరువాలో పెట్టడం మాత్రం పొరపాటు. వీలునామా తెరిచేసరికి పెద్దకర్మ కూడా అయిపోయి ఉంటుంది. కాగితం నకళ్లు పిల్లలందరికీ ముందే ఇవ్వాలి, ఎదురుగా కూర్చుని చదివి వినిపించాలి. వీలునామా ఉంటే, అందులో కార్యనిర్వాహకుడిగా నియమించిన వ్యక్తికి అంత్యక్రియలకు ఆస్తి నుంచి డబ్బు సమకూర్చే బాధ్యతను భారతీయ వారసత్వ చట్టం 316వ సెక్షన్ అప్పగిస్తుంది. కాబట్టి ఆ వ్యక్తికి కూడా ఒక నకలు ఇవ్వడం మంచిది.

బెదిరింపులు వస్తే? ‘తంతు చేయకపోతే ఊళ్లో ఉండనివ్వం’ అంటే అది నేరపూరిత బెదిరింపు, న్యాయ సంహిత 351వ సెక్షన్. తాను చేసే ఒక పని వల్ల దేవుడి ఆగ్రహానికి గురవుతారని నమ్మించి, చట్టం కోరని పనిని చేయించడానికి చూస్తే అది 354వ సెక్షన్, ఏడాది వరకు జైలు. నమ్మకంతో సలహా చెప్పే పెద్దమ్మకు ఇది వర్తించదు. శాపం పెడతానని భయపెట్టి డబ్బు గుంజేవాడికి వర్తిస్తుంది. అంత్యక్రియలకు చేరినవారికి కావాలని ఆటంకం కలిగించినా, శవాన్ని అవమానించినా 301వ సెక్షన్ ఉంది. ఇది రెండువైపులా పనిచేస్తుంది. తంతు వద్దనేవాళ్లు కూడా పక్క చితి దగ్గర మంత్రాలు చదువుకునేవారిని ఆపకూడదు.

అమెరికాలో తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న తెలుగువాళ్లకు ఖర్చు విషయంలో ఒక రక్షణ ఉంది. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1984 నుంచి అమలు చేస్తున్న నిబంధన ప్రకారం అంత్యక్రియల సంస్థలు ధరల పట్టిక చూపించాలి, ఫోన్‌లో అడిగినా ధర చెప్పాలి. క్రతువేదీ లేకుండా నేరుగా దహనం చేయమంటే శవపేటిక కొని తీరాలని షరతు పెట్టకూడదు. వేల డాలర్ల ప్యాకేజీ ముందు పెట్టినప్పుడు ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలా డబ్బు మిగులుతుంది.

మన దగ్గర లాయరును పెట్టుకునే స్తోమత లేనివాళ్లు 15100కు ఫోన్ చేయవచ్చు. అది జాతీయ న్యాయసేవల సంస్థ నంబరు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో, చాలా మండల కేంద్రాల కోర్టుల్లో న్యాయసేవా కార్యాలయం ఉంది. శ్మశానంలోకి రానివ్వకపోయినా, మార్చురీ నుంచి శవం ఇవ్వకపోయినా 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ వేసి, ఆ రోజే విచారించమని అత్యవసరంగా కోరవచ్చు. రిట్‌కు కావాల్సినవి మరణ కారణ పత్రం, బంధుత్వం చూపే ఆధారం, అడ్డుకున్నవారికి లేదా పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదు నకలు. ఆ ఫిర్యాదును స్టేషన్‌లో తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి పోస్టులోనో ఈమెయిల్‌లోనో పంపి, పంపిన రసీదు దగ్గర ఉంచుకోవాలి.